ఎంట్రోపీ: అర్థం, కొలత, వాడుక

నిర్వచనం

ఎంట్రోపీ ఒక భౌతిక రాశి. ఒక వ్యవస్థ బయటికి ఒకేలా కనిపిస్తూ లోలోపల ఎన్ని విధాలుగా ఉండగలదో ఆ సంఖ్యను ఇది కొలుస్తుంది. బిందెలో నీళ్లున్నాయనుకుందాం. వాటి ఉష్ణోగ్రత, పీడనం, ఘనపరిమాణం మనకు తెలుసు. ఒక్కొక్క అణువు ఎక్కడుందో, ఎటు కదులుతోందో మాత్రం తెలియదు. ఆ మూడు కొలతలకూ సరిపడే అణువుల అమరికలు ఊహకందనన్ని ఉంటాయి. ఒక్కొక్క అమరికను సూక్ష్మస్థితి అంటారు, మనం కొలవగలిగిన దాన్ని స్థూలస్థితి అంటారు. ఒక స్థూలస్థితికి సరిపడే సూక్ష్మస్థితుల సంఖ్యకు సహజ సంవర్గమానం తీసి, దాన్ని బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతో గుణిస్తే ఎంట్రోపీ వస్తుంది. ప్రమాణం జౌల్/కెల్విన్.

దీనికన్నా పాతది ఉష్ణగతిక శాస్త్ర నిర్వచనం. ఉత్క్రమణీయ మార్గంలో వ్యవస్థ గ్రహించిన ఉష్ణాన్ని దాని పరమ ఉష్ణోగ్రతతో భాగిస్తే ఎంట్రోపీలో వచ్చిన మార్పు తెలుస్తుంది. రెండు నిర్వచనాలూ ఒకే రాశిని చెబుతాయి. సమాచార సిద్ధాంతంలో, జీవవైవిధ్య గణాంకాల్లో ఇదే పేరుతో ఉన్న కొలతలకు గణిత రూపం దగ్గరగానే ఉంటుంది కానీ అక్కడ లెక్కకు వచ్చే వస్తువు వేరు. మాటల్లో వినిపించే ఎంట్రోపీ వీటన్నిటికన్నా వదులైనది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు వీలైనంతవరకు బాపట్ల జిల్లా వేమూరు మండలంలోని జంపని, దాని చుట్టూ తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య ఉన్న కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి తీసుకున్నవి.

పదం

జర్మన్ భౌతికశాస్త్రవేత్త రుడాల్ఫ్ క్లాసియస్ 1865లో ఈ పేరు పెట్టాడు. మార్పు, మలుపు అనే అర్థమున్న ‘త్రోపే’ అనే గ్రీకు మాట దీనికి మూలం. ‘ఎనర్జీ’ పక్కన నిలబెడితే రెండూ ఒక జంటలా వినపడాలన్నది అతని ఉద్దేశం. గందరగోళమన్న అర్థం ఆ గ్రీకు మాటలో లేదు, క్లాసియస్ మనసులోనూ లేదు. అది తరువాతి తరాలు తగిలించిన అర్థం.

తెలుగు పాఠ్యపుస్తకాలు ‘ఎంట్రోపీ’ అనే రాస్తాయి, వివరణకు మాత్రం ‘క్రమరాహిత్యం’, ‘యాదృచ్ఛికత’ అనే మాటలు వాడతాయి. ‘యంతరపి’ వంటి తెలుగు రూపాలు సూచించినవారూ ఉన్నారు. వాడుకలో నిలిచింది మూలపదమే. ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలో ఎంథాల్పీ, గిబ్స్ స్వేచ్ఛాశక్తి, అయత్నీకృత చర్యలు ఉన్న అధ్యాయంలో ఎక్కువమంది తెలుగు విద్యార్థులకు ఈ మాట తొలిసారి ఎదురవుతుంది.

చరిత్ర

ఆవిరి యంత్రం నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టవచ్చన్న ప్రశ్నతో ఈ కథ మొదలైంది. ఫ్రెంచి ఇంజనీరు సాదీ కార్నో 1824లో దానికి జవాబు చెప్పాడు. ఆ హద్దు యంత్రం కట్టిన తీరును బట్టి ఉండదు. వేడి చోటు, చల్లని చోటు ఉష్ణోగ్రతలే దాన్ని నిర్ణయిస్తాయి. క్లాసియస్ 1850 నుంచి ఈ ఆలోచనను శక్తి నిత్యత్వ నియమంతో పొసిగేలా తిరగరాశాడు. వివిక్త వ్యవస్థ ఎంట్రోపీ ఎన్నడూ తగ్గదన్న ఉష్ణగతిక శాస్త్ర రెండవ నియమం ఆ కృషి ఫలితం.

అణువుల లెక్కతో దీన్ని కలిపింది ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ బోల్ట్జ్‌మన్. అతని 1877 నాటి పరిశోధనతో ఎంట్రోపీ పెరుగుదల సంభావ్యతకు సంబంధించిన విషయంగా మారింది. తక్కువ విధాలుగా సాధ్యమయ్యే స్థితి నుంచి ఎక్కువ విధాలుగా సాధ్యమయ్యే స్థితికి వ్యవస్థ జరుగుతుంది. వెనక్కి రావడాన్ని ఏ నియమమూ నిషేధించదు. దాని అవకాశమే లేనంత తక్కువ. వియన్నాలో అతని సమాధిపై చెక్కిన సూత్రాన్ని ఆ రూపంలో రాసింది మాక్స్ ప్లాంక్. 2019 మే 20 నుంచి అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థలో బోల్ట్జ్‌మన్ స్థిరాంకం విలువ 1.380649 × 10⁻²³ జౌల్/కెల్విన్‌గా స్థిరపడింది.

పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గర ఎంట్రోపీ ఎలా నడుచుకుంటుందో నెర్న్‌స్ట్ 1906లో సూత్రీకరించాడు. ఇదే మూడవ నియమానికి మూలం. అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన క్లాడ్ షానన్ 1948లో సందేశాల అనిశ్చితికి ఒక కొలత కనిపెట్టి దానికీ ఎంట్రోపీ అనే పేరు పెట్టాడు. అసలు ఎంట్రోపీ అంటే ఏమిటో ఎవరికీ సరిగా తెలియదు కనుక ఆ పేరు పెడితే వాదనలో పైచేయి మీదేనని ఫాన్ నాయ్‌మన్ సలహా ఇచ్చాడన్న కథ ప్రచారంలో ఉంది. కథ నిజమైనా కాకపోయినా, రెండు శాస్త్రాలు ఒకే పేరు పంచుకోవడం వల్ల కలిగిన అయోమయం మాత్రం నిజం. 1970లలో బెకెన్‌స్టైన్, హాకింగ్ కృష్ణబిలాలకూ ఎంట్రోపీ ఉందని చూపారు. అది బిలం ఉపరితల వైశాల్యానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

ఉష్ణ ఎంట్రోపీ పనితీరు
*ఇవీ చూడండి: గుప్తోష్ణం, కార్నో చక్రం*

రేపల్లెకు దిగువన నిజాంపట్నం హార్బరులో చేపలపై పోసే మంచును తీసుకుందాం. ఒక కిలో మంచు 0 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగడానికి 334 కిలోజౌళ్ల ఉష్ణం తీసుకుంటుంది. దాన్ని 273.15 కెల్విన్‌తో భాగిస్తే మంచు ఎంట్రోపీ 1,223 జౌల్/కెల్విన్ పెరిగినట్టు. ఆ ఉష్ణం 30 డిగ్రీల గాలి నుంచి వచ్చింది. గాలి అదే 334 కిలోజౌళ్లు పోగొట్టుకున్నా దాని ఉష్ణోగ్రత ఎక్కువ కనుక 1,102 జౌల్/కెల్విన్ మాత్రమే తగ్గింది. మొత్తం మీద 121 పెరిగింది. శక్తి ఒక్క జౌల్ కూడా పోలేదు, కొత్తగా రాలేదు. మార్పు ఎటు జరుగుతుందో చెప్పేది ఈ 121. నీరు దానంతటదే మంచుగా మారి గాలిని వేడెక్కించాలంటే ఈ సంఖ్య రుణాత్మకం కావాలి. అది కుదరదు. ఐస్ ఫ్యాక్టరీలో నీరు గడ్డకట్టడం నియమానికి విరుద్ధం కాదు. కంప్రెసర్‌ను తిప్పే కరెంటు, వెనకవైపు బయటికి పోయే వేడి కలిపి చూస్తే అక్కడా మొత్తం ఎంట్రోపీ పెరుగుతూనే ఉంటుంది.

ఆ కరెంటు పుట్టేచోట కూడా ఇదే లెక్క. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రం వంటి బొగ్గు కేంద్రాల్లో ఆవిరి సుమారు 540 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. టర్బైన్ దాటాక దాదాపు 40 డిగ్రీల దగ్గర చల్లబడుతుంది. ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య కార్నో హద్దు 61 శాతం పైచిలుకు. పాత తరహా బొగ్గు యూనిట్లు నిజంగా సాధించేది మూడో వంతుకు కొంచెం అటూఇటూ. ఆవిరికి అందిన వేడంతా గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గరే అందదు. మంటకూ ఆవిరికీ మధ్య ఉష్ణోగ్రతలో పెద్ద తేడా ఉంటుంది. రాపిడి ఉంది, పొగగొట్టం గుండా పోయే వేడి ఉంది. ఇవన్నీ ఎంట్రోపీ పుట్టే చోట్లే. ఇంజనీరు దృష్టిలో ఎంట్రోపీ అంటే ఇంతే: చేతికి రావలసిన పనిలో ఎంత, ఎక్కడ జారిపోయిందో చూపే పద్దు. కేంద్రం నదినీటితో చల్లబరుచుకోవడాన్ని నిర్వహణ లోపంగా చూడటం సరికాదు. వేడిని కొంతైనా బయట పారేయకుండా ఏ ఉష్ణ యంత్రమూ తిరగదు.

కలయిక

రెండు పదార్థాలు కలిసినప్పుడు ఉష్ణం ఏమీ మారకపోయినా ఎంట్రోపీ పెరుగుతుంది. కృష్ణా నది సముద్రంలో కలిసేచోట మంచినీరు, ఉప్పునీరు వాటంతటవే కలుస్తాయి. వేరు కావడం మాత్రం దానంతటదే జరగదు. సముద్రపు నీటిలో సగాన్ని మంచినీరుగా రాబట్టాలంటే ఘనపు మీటరుకు కనీసం ఒక యూనిట్ విద్యుత్తు కావాలని ఎంట్రోపీ లెక్క చెబుతుంది. ఆధునిక ప్లాంట్లు మూడు నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తాయి. తీర మండలాల్లో భూగర్భజలంలోకి ఉప్పు ఎక్కాక దాన్ని తీయడం ఎందుకంత ఖరీదో, ఊళ్లు కాలువ నీటితో నింపే మంచినీటి చెరువులపై ఎందుకు ఆధారపడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. అదే జిల్లాలోని చినగంజాం ఉప్పు మళ్లలో వేరుచేసే పని ఎండ చేస్తుంది. దానికి కరెంటు బిల్లు లేదు కానీ ఎంట్రోపీ బాకీ ఉంది. ఆవిరై గాలిలో చెదిరిన నీరు ఆ బాకీ తీరుస్తుంది.

క్రమరాహిత్యం అనే వివరణ: ఒక పరిశీలన

ఎంట్రోపీ అంటే క్రమరాహిత్యం అని నేర్పడం చాలాకాలంగా ఉంది. వాయువుల విషయంలో ఈ వివరణ పనికొస్తుంది. కంటికి కనిపించే వస్తువులకు వర్తింపజేసినప్పుడు దారి తప్పిస్తుంది. ఎంతగా తప్పిస్తుందో ఒక ధాన్యపు బస్తాతో లెక్క కట్టవచ్చు.

బీపీటీ 5204 అనే సాంబమసూరి బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన వరి వంగడం. పేరులోని మూడక్షరాలు బాపట్లకే గుర్తు. సన్నరకం కనుక 75 కిలోల బస్తాలో సుమారు 50 లక్షల గింజలుంటాయి. సగం ఈ రకం, సగం మరో రకం వేరువేరుగా ఉన్నాయనుకుందాం. కోత యంత్రంలోనో కల్లంలోనో రెండూ పూర్తిగా కలిసిపోయాయి. విత్తనానికి పనికిరాదు, కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం, ఏరాలంటే కూలి ఖర్చు. క్రమం చెడిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు. ఈ కలగలుపు వల్ల పెరిగిన ఎంట్రోపీ ఎంత? గింజల సంఖ్యను 2 సహజ సంవర్గమానంతోనూ, బోల్ట్జ్‌మన్ స్థిరాంకంతోనూ గుణిస్తే సుమారు 5 × 10⁻¹⁷ జౌల్/కెల్విన్. పైన చెప్పిన కిలో మంచు కరిగినప్పటి 1,223తో పోలిస్తే ఇది లేనట్టే. రెండిటి నిష్పత్తి సుమారు 2 పక్కన 19 సున్నాలు. ఆ బస్తా నీడలో నుంచి ఎండలోకి మారి ఒక్క డిగ్రీ వేడెక్కినా, గింజలు కలిసినందువల్ల పెరిగిన దానికన్నా ఎన్నో కోట్ల కోట్ల రెట్లు ఎంట్రోపీ పెరుగుతుంది.

అంటే రైతుకు కష్టం కలిగించిన క్రమరాహిత్యం, భౌతికశాస్త్రం కొలిచే ఎంట్రోపీ దాదాపు సంబంధం లేని విషయాలు. చిందరవందరగా ఉన్న గది, కలిపేసిన పేకముక్కలు, చెదిరిన అల్మరా కూడా ఇంతే. ఇవి సంభావ్యత అనే ఆలోచనను పరిచయం చేయడానికి పనికొస్తాయి. ఎంట్రోపీకి ఉదాహరణలుగా మాత్రం నిలబడవు. ఇటీవలి రసాయనశాస్త్ర బోధకులు చాలామంది ‘శక్తి పంచుకోబడే తీరు’ అన్న వివరణ వైపు మొగ్గుతున్నారు. ఈ మార్పు మంచిదే.

సమాచార ఎంట్రోపీ
*ఇవీ చూడండి: సంభావ్యత, లిపి సంకేతీకరణ*

ఒక సందేశంలో తరువాతి అక్షరం ఏమిటో ముందుగా ఎంత ఊహించలేమో షానన్ ఎంట్రోపీ కొలుస్తుంది. ప్రతి అక్షరం సంభావ్యతను, ఆ సంభావ్యతకు 2 ఆధారంగా తీసిన సంవర్గమానంతో గుణించి, అన్నీ కూడి గుర్తు మార్చాలి. ప్రమాణం బిట్. ‘ఆంధ్రప్రదే’ దాకా చదివినవారికి చివరి ‘శ్’ కొత్త సంగతి ఏదీ చెప్పదు. దాని సమాచారం సున్నాకు దగ్గర. ఏ భాషలోనైనా ఇలాంటి మిగులు ఉంటుంది. అచ్చుతప్పులున్నా వాక్యం అర్థమయ్యేది, సగం వినపడిన మాట ఫోన్లో అందేది ఆ మిగులు వల్లే.

భారతీయ భాషలకు ఈ కొలతను వర్తింపజేసే ప్రయత్నాలు త్వరగానే మొదలయ్యాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో బి.ఎస్. రామకృష్ణ బృందం భారతీయ భాషల సాపేక్ష సామర్థ్యంపై సమాచార సిద్ధాంత దృష్టితో చేసిన అధ్యయనం 1962లో వెలువడింది. రామకృష్ణ తరువాత హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడయ్యారు. తెలుగు వచనం ఎంట్రోపీపై పి. బాలసుబ్రహ్మణ్యం, గిఫ్ట్ సిరోమణి రాసిన పత్రం 1968లో ‘ఇన్ఫర్మేషన్ అండ్ కంట్రోల్’ పత్రికలో వచ్చింది. కంప్యూటర్ ఇళ్లలోకి రాకముందే, తెలుగు అక్షరాలు ఎంత తరచుగా వస్తాయో లెక్కగట్టి చేసిన పని అది. తెలుగులో ఈ రకం లెక్కకు ముందే తేల్చుకోవలసిన చిక్కు ఒకటుంది: యూనిట్ ఏది? ‘స్త్రీ’ ఒక అక్షరమా, మూడు హల్లులూ ఒక అచ్చూనా? ఏది ఎంచుకున్నామన్నదాన్ని బట్టి అక్షరానికి వచ్చే ఎంట్రోపీ మారిపోతుంది. కనుక యూనిట్ చెప్పకుండా రెండు భాషల సంఖ్యలు పోల్చడం అర్థరహితం.

యూనికోడ్‌లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు, అంటే 24 బిట్లు తీసుకుంటుంది. అది మోసే నిజమైన సమాచారం అందులో చిన్న భాగమే. అందుకే తెలుగు పాఠ్యాన్ని కుదిస్తే ఫైలు బాగా చిన్నదవుతుంది. ఎస్ఎంఎస్‌లలో ఈ తేడా జేబుకే తగిలింది. ఒక సందేశం 140 బైట్లు. రోమన్ లిపిలో 160 అక్షరాలు పడితే, అక్కడ వేరే సంకేత పద్ధతిలో వెళ్లే తెలుగు లిపిలో 70 గుర్తులు పడతాయి. తెలుగువారు రోమన్ లిపిలో సందేశాలు రాయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. అలా రాసినప్పుడు హ్రస్వదీర్ఘాల తేడా, ట-త తేడా, ల-ళ తేడా మాయమైనా చదివేవారికి ఇబ్బంది లేదు. భాషలోని మిగులు ఎంతో చెప్పడానికి ఇది ప్రయోగశాల అక్కర్లేని రుజువు.

మిగులును కావాలని చేర్చిన సందర్భాలూ ఉన్నాయి. ఆధార్ సంఖ్యలో 12 అంకెలున్నా చివరిది మిగతా వాటి నుంచి వెర్‌హాఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. దానికి సొంత సమాచారం లేదు. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టుకోవడం దాని పని.

రెండు ఎంట్రోపీల మధ్య వంతెన కట్టింది రోల్ఫ్ లాండౌవర్. ఒక బిట్ సమాచారం చెరిపేస్తే పరిసరాలకు కనీసం ఇంత ఉష్ణం చేరాలని అతను 1961లో చూపాడు. గది ఉష్ణోగ్రత దగ్గర అది సుమారు 3 × 10⁻²¹ జౌళ్లు. అణువులను వేగాన్ని బట్టి వేరుచేసి రెండవ నియమాన్ని ఓడించగల ఒక జీవిని మాక్స్‌వెల్ 1867లో ఊహించాడు. ఆ జీవి గుర్తుపెట్టుకున్నది చెరపడానికి మూల్యం చెల్లించాలన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే సమాధానం.

రావు వర్గ ఎంట్రోపీ
*ఇవీ చూడండి: కల్యంపూడి రాధాకృష్ణారావు, జీవవైవిధ్య సూచికలు*

ఎంట్రోపీ చరిత్రలో తెలుగువారి పేరు స్థిరపడింది ఇక్కడే. సి.ఆర్. రావు 1920 సెప్టెంబరు 10న, నేడు కర్ణాటకలో ఉన్న హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో చేరారు. 1945లో వచ్చిన ఆయన పత్రం అంచనాల కచ్చితత్వానికి హద్దు చెప్పే క్రామర్–రావు అసమానతతో ప్రసిద్ధమైంది. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకుని అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

1982లో ఆయన ప్రతిపాదించిన వర్గ ఎంట్రోపీ, షానన్ కొలతలోని ఒక లోటును పూరిస్తుంది. షానన్ సూత్రానికి రకాల సంఖ్య, వాటి వాటాలు చాలు. ఆ రకాలు ఒకదానికొకటి ఎంత భిన్నమో అది అడగదు. జంపని పరిసరాల్లో మూడేసి చేలున్న రెండు కమతాలు ఉన్నాయనుకుందాం. ఒకచోట మూడింటిలోనూ మూడు వరి రకాలు సమానంగా ఉన్నాయి. మరోచోట వరి, మినుము, పసుపు సమానంగా ఉన్నాయి. షానన్ ఎంట్రోపీ రెండిటికీ ఒకటే, 1.585 బిట్లు. రావు పద్ధతిలో ప్రతి జతకూ ఒక భేదం విలువ ఇస్తారు. యాదృచ్ఛికంగా రెండు మొక్కలు తీస్తే వాటి మధ్య భేదం సగటున ఎంత ఉంటుందో లెక్కిస్తారు. వరి రకాల మధ్య భేదం 0.1, వేర్వేరు పంటల మధ్య 0.9 అని ఉదాహరణకు పెట్టుకుంటే మొదటి కమతానికి 0.067, రెండోదానికి 0.6 వస్తుంది. తెగులు ఒకటి వస్తే ఏ కమతం మొత్తం దెబ్బతింటుందో తెలిసిన రైతుకు రెండో సమాధానమే సబబుగా తోస్తుంది. అన్ని భేదాలూ 1 అనుకుంటే ఈ కొలత పాతదైన గిని–సింప్సన్ సూచికగా మారుతుంది. జీవావరణ శాస్త్రంలో జాతుల లక్షణాల వైవిధ్యం కొలవడానికి నేడు దీన్ని విస్తృతంగా వాడుతున్నారు. భేదం విలువలు ఎవరు, ఏ ఆధారంతో నిర్ణయిస్తారన్నది దీనిపై ఉన్న ప్రధాన అభ్యంతరం.

జీవం

ప్రాణి తన లోపలి క్రమాన్ని నిలుపుకోవడం రెండవ నియమానికి మినహాయింపు కాదు. ఎర్విన్ ష్రోడింగర్ 1944లో రాసిన ‘వాట్ ఈజ్ లైఫ్?’ ఈ ప్రశ్నను అందరి ముందుకూ తెచ్చింది. సుమారు 5,800 కెల్విన్ సూర్యుడి నుంచి వచ్చే ప్రతి కాంతికణానికి భూమి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 20 కణాలను అంతరిక్షంలోకి వదులుతుంది. వచ్చిన శక్తి, పోయిన శక్తి ఇంచుమించు సమానమే. పోయేటప్పుడు ఎంట్రోపీ ఎన్నో రెట్లు. వరిచేను గింజ కట్టడానికి కావలసిన వెసులుబాటు ఈ తేడాలో దొరుకుతుంది. కణం లోపల ఆ వెసులుబాటును చిల్లరగా ఖర్చుపెట్టే అణువు ఏటీపీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి దాన్ని 1929లో గుర్తించినవారిలో ఒకరు.

నిత్య వాడుక

సంభాషణలో, వ్యాఖ్యానాల్లో ఎంట్రోపీ మూడు నాలుగు అర్థాలతో తిరుగుతుంది. ఇల్లు, ఆఫీసు, సంస్థ పట్టించుకోకపోతే చెడిపోతాయన్న అర్థం అన్నిటికన్నా ముందుంది. అది అనుభవంగా నిజమే కానీ రెండవ నియమం సాక్ష్యం దానికి అక్కర్లేదు. సంస్కృతి, రాజకీయాలు అనివార్యంగా దిగజారుతాయనడానికి ఈ మాటను వాడటం మరింత బలహీనమైన వాడుక. పరిణామ సిద్ధాంతం రెండవ నియమాన్ని ఉల్లంఘిస్తుందన్న వాదన పొరపాటు. ఆ నియమం వివిక్త వ్యవస్థలకు చెప్పినది, భూమి వివిక్త వ్యవస్థ కాదు. ఎంట్రోపీ పెరిగే దిశనే మనం కాలం దిశగా అనుభవిస్తామన్న ఆలోచన 1920లలో ఎడింగ్టన్ ‘కాలబాణం’ అన్న మాటతో ప్రచారంలోకి వచ్చింది. 2020 నాటి నోలన్ చిత్రం ‘టెనెట్’ దాన్ని యువతలోకి మళ్లీ తెచ్చింది. ఆర్థికశాస్త్రంలో జార్జెస్కు–రోగెన్ 1971లో వనరుల తరుగుదలకు, అంతకుముందు టైల్ 1967లో ఆదాయ అసమానతకు ఈ భావనను ఆధారం చేసుకున్నారు.

కంప్యూటర్ ఉద్యోగుల ద్వారా వచ్చిన వాడుక శాస్త్రార్థానికి అన్నిటికన్నా దగ్గరగా ఉంది. పాస్‌వర్డ్ ఎంట్రోపీ అంటే దాన్ని ఊహించడానికి ప్రయత్నించాల్సిన అవకాశాల సంఖ్యకు సంవర్గమానం. బ్యాంకు పంపే ఆరంకెల ఓటీపీ యంత్రం యాదృచ్ఛికంగా ఎంచుకున్నది కనుక దాని ఎంట్రోపీ దాదాపు 20 బిట్లు. నాలుగంకెల ఏటీఎం పిన్‌కు 13 బిట్లకు కాస్త ఎక్కువ ఉండాలి. పుట్టిన సంవత్సరమే పిన్‌గా పెట్టుకుంటే అవకాశాలు 80కి మించవు, ఎంట్రోపీ ఆరు బిట్లకు పడిపోతుంది. అంకెలు నాలుగే, పొడవు అదే. మారింది ఎంచుకున్న పద్ధతి. ఊరిపేరు చివర 123 చేర్చిన పాస్‌వర్డ్ ఎంత పొడవున్నా ఇదే కారణంగా బలహీనం, ఎందుకంటే ఎంట్రోపీ రాసిన అక్షరాల వరుసకు చెందిన గుణం కాదు, ఆ వరుస ఏ అవకాశాల గుంపు నుంచి, ఎలా వచ్చిందన్నదానికి చెందినది.